సేనాధిపతి లా చదివిన కథ

సైన్యంలో ఒకడికి శిక్ష పడిందనుకోండి. అప్పీలు ఎక్కడికి పోతుంది? మన దేశంలో ఈ సంగతి కాస్త మెలికలు తిరిగి ఉంటుంది, దాని గురించి తర్వాత చెప్పుకుందాం. బర్మాలో అయితే (ఇప్పుడు మయన్మార్ అనాలి, నా నోటికి మాత్రం పాత పేరే వస్తుంది) 2008 రాజ్యాంగంలో 343వ సెక్షన్ తీస్తే జవాబు ఒక్క వాక్యంలో తేలిపోతుంది. సైనిక న్యాయం మటుకు సర్వసేనాధిపతి మాటే ఆఖరు మాట. ఆపైన ఇంకో మెట్టు లేదు.

ఆ కుర్చీలో, ఈ రాజ్యాంగం పుట్టడానికి చాలా ముందు, రెండేళ్ళు కూర్చున్న మనిషి ఒకాయన ఉన్నాడు. కుర్చీ పోయింది. జైలుకు వెళ్ళాడు. బయటికొచ్చి కాషాయం కట్టాడు. కాషాయం విప్పాక లా పుస్తకాలు ముందేసుకున్నాడు. అప్పటికి వయసు యాభై అయిదు, అటూ ఇటూ. పేరు తిన్ ఊ. మన పత్రికల్లో ఆంగ్ సాన్ సూ కీ పేరు వచ్చినప్పుడు పక్కన రెండో పేరుగా కనిపించేవాడు, అంతకు మించి మనవాళ్ళు ఆయన్ని పట్టించుకోలేదు. నాకు మాత్రం ఆ ఇద్దరిలో ఈయన కథే ఎక్కువ రుచి. హుకుములు ఇచ్చి ఇచ్చి అలవాటైన మనిషి, నడివయసు దాటాక, హుకుము మీద పై కోర్టుకు ఎలా వెళ్ళాలో చెప్పే చదువు చదివాడంటే ఊరికే వదిలెయ్యలేం కదండీ.

కథ నడిచేది రంగూన్‌లో, లత అనే పేటలో. ఊరి పటం చూస్తే నది ఒడ్డున స్ట్రాండ్ రోడ్డు, దాని పైన మహాబందూల రోడ్డు, ఇంకా పైన బోజో ఆంగ్ సాన్ రోడ్డు. వీటిని నిలువుగా కోస్తూ అంకెల వీధులు. పద్దెనిమిదో వీధి, దాని చుట్టుపక్కల వీధులు లత కిందికి వస్తాయి. చైనావాళ్ళ పేట. చీకటి పడితే పద్దెనిమిదో వీధి నిండా బొగ్గుల మీద కాలే చేపలు, పుల్లలకు గుచ్చిన మాంసం. బల్లలు రోడ్డు మీదికే వచ్చేస్తాయి. నది వైపు 1860ల నాటి ఖెంగ్ హాక్ కియోంగ్ గుడి ఉంది, ఓడలెక్కేవాళ్ళను కాపాడే మాజు దేవతది. ఉత్తరపు కొసన ఎర్ర ఇటుకల పెద్దాసుపత్రి, రంగూన్ జనరల్ హాస్పిటల్. తిన్ ఊ జీవితంలో రెండు పెద్ద రోజులు ఈ ఆసుపత్రివే. 1988 ఆగస్టు చివర్లో, పదవి పోయిన పన్నెండేళ్ళకు, జనం ముందు నిలబడి మాట్లాడింది దీని ముంగిట్లో. 2024 జూన్ 1న, 97 ఏళ్ళ వయసులో, కన్ను మూసింది కూడా దీనిలోనే.

నది ఒడ్డు అన్నాక మనవాళ్ళు గుర్తు రాకుండా ఉండరు. గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి ఓడెక్కి రంగం, అంటే రంగూన్, పోయినవాళ్ళు ఆ రేవుల్లో బస్తాలు మోశారు, రిక్షాలు లాగారు. కోరంగి రేవు పేరు మీద బర్మాలో వాళ్ళని కోరంగీలు అనేవారు. 1930 మేలో మన రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. రేవు పని గుత్తకు తీసుకునే స్టీవెడోర్లు వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నారు. తీరా రాజీ కుదిరి మే 26న మనవాళ్ళు పనిలోకి రాగానే, మొన్నటిదాకా పనిచేసినవాళ్ళు మా గతేమిటన్నారు. అక్కడ మొదలైన కొట్లాట ఊరంతా పాకింది. చంపింది కూడా కూలీలే, చచ్చింది కూడా కూలీలే. అప్పుడు రంగూన్ జిల్లా మేజిస్ట్రేటు మారిస్ కాలిస్ అనే ఐర్లండు మనిషి. మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యంలో చేరి పాలస్తీనా దాకా వెళ్ళి, యుద్ధం చూడకుండానే తిరిగొచ్చినవాడు. ఆ ఏడాది మార్చిలోనే కలకత్తా మేయరు సేన్‌గుప్తాను రాజద్రోహం కేసులో విచారించి పది రోజుల శిక్షతో సరిపెట్టాడు. ఇలాంటి తీర్పులు పైవాళ్ళకు రుచించలేదు, ఆ పదవిలో ఎక్కువ కాలం ఉండనివ్వలేదు. ఆ అనుభవాలన్నీ 1938లో పుస్తకం వేసుకున్నాడు. సైన్యానికీ న్యాయస్థానానికీ మధ్య తిరిగిన మనుషుల్లో అతనొక చిన్న అధ్యాయం. మన కథకు వద్దాం.

తిన్ ఊ 1927 మార్చిలో పథేన్ పట్టణంలో పుట్టాడు. చిన్న వయసులోనే సైన్యంలో చేరాడు, స్వాతంత్ర్యం తర్వాత అంతర్యుద్ధాల్లో పేరు తెచ్చుకున్నాడు, మెట్టు మెట్టూ ఎక్కుతూ 1974లో సర్వసేనాధిపతీ రక్షణ మంత్రీ అయ్యాడు. అదే ఏడాది డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాజీ ప్రధాన కార్యదర్శి ఊ థాంట్ శవాన్ని గౌరవంగా ఖననం చెయ్యలేదని విద్యార్థులు తిరగబడ్డారు. శవపేటికను విశ్వవిద్యాలయానికి ఎత్తుకుపోయారు. సైన్యం ఆవరణలోకి చొరబడింది, కాల్పులు జరిగాయి. ఆ సైన్యానికి పెద్ద ఎవరు? మన కథానాయకుడే. ఈ ముక్క చెప్పకుండా ఆయన్ని మహాత్ముణ్ణి చేసే రచనలు చాలా ఉన్నాయి. నాకు ఆ పద్ధతి నచ్చదు. రెండు చేతులా అధికారం ఉన్నప్పుడు మనిషి ఏం చేశాడో తెలిస్తేనే, తర్వాత లా పుస్తకం పట్టుకోవడానికి విలువ.

1976 మార్చిలో, దేశాన్ని ఏలుతున్న నే విన్ ఆయన్ని పక్కన పెట్టేశాడు. ఆ వేసవి దాటగానే ఒక యువ కెప్టెన్ నాయకత్వంలో కుట్ర బయటపడింది. కెప్టెన్‌ను ఉరితీశారు. తిన్ ఊ మీద మోపిన నేరం విచిత్రమైంది: కుట్ర చేశాడని కాదు, కుట్ర సంగతి తెలిసీ చెప్పలేదని. 1977 జనవరిలో ఏడేళ్ళ కఠిన శిక్ష పడింది. చెప్పకపోవడానికి ఏడేళ్ళు! 1980లో అందరికీ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు విడుదలయ్యాడు. రెండేళ్ళు మహాసీ ధ్యానకేంద్రంలో భిక్షువుగా ఉన్నాడు. ఆ తర్వాత లా చదివి రిజిస్టర్డ్ లాయర్ పట్టా తీసుకున్నాడు.

ఎన్ని వకాలతులు వేశాడు, ఎంత ఫీజు పుచ్చుకున్నాడు అన్న లెక్కల జోలికి నేను పోను. ఆయన చదివిన చదువు ఏమిటి, ఆ చదువుకు అప్పుడు ఆ దేశంలో చోటెక్కడుంది అన్నదే అసలు తమాషా.

ముందు చదువు సంగతి. కాకినాడ మునసబు కోర్టులో పదేళ్ళు గుమస్తాగా చేసినాయన్ని తీసుకెళ్ళి రంగూన్ సివిలు కోర్టులో కూర్చోబెట్టండి. భాష ఒక్క ముక్క అర్థం కాదు. కానీ దస్త్రం తిరగేస్తే ఏ కాగితం ఏమిటో చెప్పేస్తాడు. దావా, జవాబు దావా, వాదాంశాలు, సాక్ష్యం, డిక్రీ, అమలు పిటిషను, అన్నీ మన వరసే. 1872 నాటి సాక్ష్య చట్టం, అదే ఏటి కాంట్రాక్టు చట్టం, 1882 ఆస్తి బదిలీ చట్టం, 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ — బ్రిటిషువాళ్ళు బర్మాను 1937 ఏప్రిల్ 1న ఇండియా నుంచి విడదీసినా ఈ చట్టాలు అక్కడే ఉండిపోయాయి. ఇప్పటికీ అవే మూలం. మనం సాక్ష్య చట్టానికి ఈమధ్యనే కొత్త పేరు పెట్టుకున్నాం, వాళ్ళకు ఆ ముచ్చట కూడా లేదు.

ఇంకో విశేషం వినండి. 1898 బర్మా చట్టాల శాసనం 13వ సెక్షన్ ప్రకారం వారసత్వం, పెళ్ళి లాంటి విషయాల్లో బౌద్ధులకు బౌద్ధ ధర్మం, ముస్లింలకు మహమ్మదీయ ధర్మం, హిందువులకు హిందూ ధర్మం. ఇక్కడ మనం 1956లో హిందూ వారసత్వ చట్టం చేసుకుని కూతుళ్ళకు వాటా రాసుకున్నాం. ఆ చట్టం సముద్రం దాటదు. రంగూన్‌లో మిగిలిపోయిన తెలుగు కుటుంబంలో అన్నదమ్ములు ఇంటికోసం కోర్టుకెక్కితే, లాయరు తిరగెయ్యాల్సింది మన తాతల కాలంనాటి హిందూ లా. చైనా బౌద్ధుల చిక్కు ఇంకా పెద్దది. వాళ్ళు బౌద్ధులు గనక బర్మా బౌద్ధ ధర్మం వర్తిస్తుందా, చైనావాళ్ళు గనక వాళ్ళ ఆచారమా? ఈ పేచీ మీద రంగూన్ హైకోర్టు బెంచీలు ఏళ్ళ తరబడి తలలు బద్దలు కొట్టుకున్నాయి. 1939లో లండన్‌లో ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. లత వీధుల్లో దుకాణం పెట్టుకున్న ప్రతి కుటుంబానికీ తగిలే ప్రశ్న అది.

అప్పట్లో రంగూన్ బారు కళకళలాడిందంటే అప్పుల పుణ్యమే. చెట్టియార్లు వరి రైతులకు భూమి తాకట్టు మీద అప్పులిచ్చారు. 1930లో ధాన్యం ధర పడిపోయింది. తాకట్టు దావాలు, జప్తులు. పదమూడు ముఖ్యమైన వరి జిల్లాల్లో చెట్టియార్ల చేతిలో ఉన్న భూమి 1930లో నూటికి ఆరు వంతులు, 1937కు పాతిక వంతులు. చట్టప్రకారం ఒక్క తప్పు లేదు, ప్రతి డిక్రీ సక్రమమే. భూమి పోయిన రైతుకు మాత్రం ఆ సక్రమం ఎక్కడ సక్రమంగా కనిపిస్తుంది చెప్పండి. దావాలో గెలిచినవాడు ఓడినట్టు, ఓడినవాడు చచ్చినట్టు అని మనవాళ్ళు అంటారు కదా. అక్కడ గెలిచిన చెట్టియార్లు కూడా 1942లో జపానువాళ్ళ బాంబులకు డిక్రీలన్నీ వదిలేసి పరుగెత్తారు.

ఇక అప్పీలు. మొదటి అప్పీలులో సంగతుల్నీ చట్టాన్నీ రెంటినీ తిరగదోడవచ్చు. రెండో అప్పీలు, సివిల్ ప్రొసీజర్ కోడ్ నూరో సెక్షను కిందికి వచ్చేది, చట్టం పాయింటు మీదే. సాక్షి అబద్ధమాడాడని అక్కడ గుండెలు బాదుకున్నా లాభం లేదు. కింది కోర్టు రికార్డులో ఎక్కనిది పై కోర్టు కంటికి ఆనదు. అందుకే అప్పీలు లాయరు పని వేరు. సాక్షిని అడ్డప్రశ్నలతో ఏడిపించే మొనగాడు అక్కడ తేలిపోవచ్చు. కాగితం ఓపికగా చదివి, తీర్పులో ఫలానా వాక్యానికి రికార్డులో ఆధారం లేదని వేలెత్తి చూపేవాడు నిలబడతాడు. సైన్యం నుంచి వచ్చినవాళ్ళు ఈ పనికి బాగా పనికొస్తారని నా అభిప్రాయం. తేదీ, సమయం, ఎవరు ఎవరికి చెప్పారు, ఏ కాగితం మీద — ఇవి రాయడం వాళ్ళకు ముందే అలవాటు. వదిలించుకోవాల్సింది ఒక్కటే: పైవాడి మాటను ప్రశ్నించడం తప్పనే భావం. అది వదలడం మాత్రం చాలా కష్టం. ముప్పయ్యేళ్ళు ఎముకల్లో పట్టేసిన సంగతి.

చదువు ఇంత చక్కటిది. మరి తిన్ ఊ పట్టా పుచ్చుకుని గడప తొక్కాల్సిన కోర్టు ఎలా ఉందయ్యా అంటే, అందులో జడ్జీలకు లా రాదు. వేళాకోళం కాదండీ. 1962లో నే విన్ అధికారం లాక్కున్నాక సుప్రీంకోర్టునూ హైకోర్టునూ కలిపి ఒక్క చీఫ్ కోర్టు చేశాడు. 1972 నుంచి జడ్జీలనే తీసేసి ప్రజా న్యాయస్థానాలు పెట్టాడు. పీఠం మీద నే విన్ పార్టీ వాళ్ళు; లా తెలిసిన ఉద్యోగి పక్కన సలహాదారు. అన్నిటికన్నా పైన ప్రజా న్యాయమూర్తుల మండలి, పార్లమెంటు సభ్యుల్లోంచి ఏరినది. అప్పీలు అనే మాట చట్టంలో ఉంది, కింది మెట్టు మీదా పై మెట్టు మీదా కూర్చున్నది ఒకే పార్టీ. మన పల్లెల్లో రచ్చబండ తీర్పు రుచించకపోతే కనీసం పక్క ఊరి పెద్దల దగ్గరికి పోవచ్చు.

ఈ ఏర్పాటు వెనక ఉన్న బుర్ర ఎవరిదనుకున్నారు? ఇంకో మాజీ సైనికుడిది. ఇంకో లాయరుది. డాక్టర్ మాంగ్ మాంగ్.

ఈయన 1925లో మాండలేలో పుట్టాడు. యుద్ధకాలంలో సూ కీ తండ్రి ఆంగ్ సాన్ సైన్యంలో చేరి అధికారిగా పనిచేశాడు. యుద్ధం అయ్యాక లా చదివాడు, లండన్ లింకన్స్ ఇన్‌లో బారిస్టరయ్యాడు, హాలండులో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో ఒక డాక్టరేటు, అమెరికాలో యేల్‌లో ఇంకొకటి. ప్రభుత్వ న్యాయవాదిగా చేశాడు. ఆంగ్ సాన్ హత్య కేసు విచారణ మీద పుస్తకం రాశాడు, బర్మా కుటుంబంలో పెళ్ళి, దత్తత, వారసత్వం మీద 1963లో వేసిన పుస్తకం ఇప్పటికీ ఆ విషయం ముట్టుకునేవాళ్ళు చూడక తప్పదు. 1962 తర్వాత చీఫ్ కోర్టు జడ్జి, ఆపైన ప్రధాన న్యాయమూర్తి. తిన్ ఊకూ ఈయనకూ చదువులో పోలికే లేదు. సముద్రమంత చదువు. ఆ చదువంతా నే విన్‌కు రాజ్యాంగం రాసిపెట్టడానికి పనికొచ్చింది. 1974 రాజ్యాంగంలో ఆయన చెయ్యి ఉంది. 1982 పౌరసత్వ చట్టంలోనూ ఉంది.

ఈ రెండోది మన కొంపకు తగిలిన చట్టం. పూర్తి పౌరులు, అనుబంధ పౌరులు, అనుమతి పౌరులు అని మూడు తరగతులు చేసింది. 1823కు ముందు నుంచి స్థిరపడ్డ జాతులవాళ్ళే పుట్టుకతో పౌరులు. ఆ ఏడాది ఎందుకంటే 1824లో మొదటి ఆంగ్లో బర్మా యుద్ధం మొదలైంది కాబట్టి. ఆ తర్వాత వచ్చినవాళ్ళంతా తెల్లవాడి వెంట వచ్చినవాళ్ళని లెక్క. రంగం పోయిన మన తెలుగువాళ్ళు దాదాపు అందరూ ఆ గీతకు ఇవతలే. 1964 తర్వాత వేలమంది ఓడలెక్కి తిరిగొచ్చేశారు, విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అలా పుట్టిందే. అక్కడే ఉండిపోయినవాళ్ళ మనవలకు మాత్రం ఈ చట్టం మెడకు చుట్టుకుంది.

అప్పీళ్ళు చేసిన ఏ లాయరుకైనా ఆ చట్టంలో 71వ సెక్షన్ చదివితే ఒళ్ళు మండుతుంది. ఈ చట్టం కింద అధికారం ఉన్న సంస్థలు తమ నిర్ణయాలకు కారణాలు చెప్పరాదు అని ఉంది. చెప్పనక్కరలేదని కాదు, చెప్పరాదు. దాని పై సెక్షన్లోనే మంత్రిమండలికి అప్పీలు చేసుకోవచ్చని రాశారు. కారణం తెలియకుండా దేని మీద అప్పీలు చేస్తాడండీ మనిషి? కింది తీర్పులో తప్పు చూపించడమే కదా అప్పీలంటే. కారణమే లేకపోతే తప్పెక్కడ పట్టుకోవాలి? అదొక గోడ, దాని మీద తలుపు బొమ్మ గీసి పెట్టారు. లా తెలియని జనరలు ఎవడికీ ఇంత నైపుణ్యం ఉండదు. ఇది బాగా చదువుకున్న చెయ్యి.

1988 వచ్చింది. ఆగస్టు 8న దేశమంతా సమ్మె. 10న లత పెద్దాసుపత్రి దగ్గర సైనికులు కాల్పులు జరిపారు. గాయపడ్డవాళ్ళకు కట్లు కడుతున్న నర్సులకు గుళ్ళు తగిలాయి. ఆ దెబ్బతో ఆసుపత్రి ముంగిలి సభాస్థలం అయిపోయింది. 19న మాంగ్ మాంగ్ దేశాధ్యక్షుడయ్యాడు. 24న ఆయన సైనిక శాసనం ఎత్తేశాడు. అదే రోజు ఆసుపత్రి గేటు దగ్గర ఆంగ్ సాన్ సూ కీ మొదటిసారి జనంతో మాట్లాడింది. కొద్ది రోజులకు అదే చోట తిన్ ఊ.

ఇక్కడ చూడండి మాంగ్ మాంగ్, తిన్ ఊ ఇద్దరి వరస. ఇద్దరూ యుద్ధకాలపు సైనికులే, ఇద్దరూ లా చదివినవాళ్ళే, వయసులో రెండేళ్ళ తేడా. వాళ్ళ మధ్య నడిచిన వాదన నిజంగా కోర్టు వాదనే. తాత్కాలిక ప్రభుత్వం ఏర్పాటు చేసి, అది ఎన్నికలు జరపాలని తిన్ ఊ, సూ కీ, మరో మాజీ సైన్యాధికారి ఆంగ్ జీ అడిగారు. రాజ్యాంగంలో తాత్కాలిక ప్రభుత్వానికి చోటు లేదు, ఉన్న ప్రభుత్వమే ఎన్నికలు పెడుతుందని మాంగ్ మాంగ్ పట్టు. సెప్టెంబరు 10న పార్టీ మహాసభ పెట్టించి బహుళపక్ష ఎన్నికలకు ఒప్పించాడు కూడా. కాగితం మీద చూస్తే మాంగ్ మాంగ్ మాటే గట్టిది. ఆ రాజ్యాంగం నిజంగానే అలా ఉంది. ఉండదూ మరి, రాసిందే ఆయన! తాను కట్టిన ఇంట్లో కిటికీ లేదని, అది లేదు గనక గాలి అడగకూడదని చెప్పినట్టుంది. జనం ఒప్పుకోలేదు. వాళ్ళు ఇద్దరూ పాయింట్లు తేల్చుకునేలోపు సెప్టెంబరు 18న సైన్యం వచ్చి వాది ప్రతివాదులిద్దర్నీ బయటికి నెట్టి కోర్టు హాలుకు తాళం వేసింది. మాంగ్ మాంగ్ పదవి నెల రోజులు. తర్వాత ఆ నెల గురించి పుస్తకం రాసుకున్నాడు, 1994లో ఆయన పోయాక అచ్చయింది.

తిన్ ఊ నేషనల్ లీగ్ ఫర్ డెమోక్రసీ పెట్టినవాళ్ళలో ఒకడై, డిసెంబరుకల్లా దాని అధ్యక్షుడయ్యాడు. 1989 జూలైలో గృహనిర్బంధం, ఏడాది చివర్లో సైనిక ట్రైబ్యునల్ ముందు విచారణ, మూడేళ్ళ కఠిన శిక్ష. ఒకప్పటి సర్వసేనాధిపతి, ఇప్పుడు లా పట్టా ఉన్నవాడు, తన కింద పనిచేసిన సైన్యపు అధికారుల ముందు ముద్దాయిగా నిలబడ్డాడు. ఆయన జైల్లో ఉండగానే 1990 మే 27న ఎన్నికలు జరిగాయి, ఆయన పార్టీ 392 సీట్లు గెలిచింది. తీర్పును సైన్యం అమలు చెయ్యలేదు. చేతిలో డిక్రీ ఉండి అమలు పిటిషను దగ్గర ఏళ్ళు గడిచిపోయే కక్షిదార్లు మన దగ్గరా ఉన్నారు గానీ, ఒక దేశం మొత్తం అలా నిలబడిపోవడం అక్కడే చూశాం. 1995 మార్చిలో విడుదల. 2003 మే 30న డిపయిన్ దగ్గర వాళ్ళ వాహనాల మీద దాడి జరిగాక మళ్ళీ నిర్బంధం, 2010 ఫిబ్రవరి దాకా. లాయరుగా సంపాదించుకున్న ఏళ్ళకన్నా ముద్దాయిగా గడిపిన ఏళ్ళే ఎక్కువ.

మీలో ఒకరు అడగబోతున్నారు, నాకు వినిపిస్తోంది: సైనికుడు న్యాయస్థానంలోకి రావడం మంచిదంటావా, చెడ్డదంటావా? ఏ తలుపులోంచి వచ్చాడన్నదాన్ని బట్టి ఉంటుందంటాను. 2015లో బర్మా లాయర్లు చొక్కాలకు పసుపు రిబ్బన్లు కట్టుకుని నిరసన తెలిపారు. సైన్యంలోంచి అధికారుల్ని తీసుకొచ్చి సుప్రీంకోర్టులో ఉద్యోగాలు ఇస్తున్నారని వాళ్ళ గోల. ఆ లాయర్లకు యూనిఫాం వేసుకున్న మనిషి మీద కోపం లేదు. మాజీ సేనాధిపతి పెద్దగా ఉన్న పార్టీకి జనం ఓట్లెయ్యలేదూ? బదిలీ ఉత్తర్వు మీద పైకొచ్చి కూర్చునేవాడికీ, పుస్తకాలు చదివి పరీక్ష రాసి కింద నిలబడి వాదించేవాడికీ తేడా ఉందన్నదే వాళ్ళ మాట. 2021 మార్చిలో సైన్యం రంగూన్‌లోనే హ్లాయింగ్ థాయా లాంటి పేటల్లో సైనిక కోర్టులు పెట్టింది. ఆ తీర్పులకు అప్పీలు లేకుండా చేసింది, మరణశిక్షకు తప్ప. ఆ అప్పీలు కూడా సైనిక ప్రభుత్వాధినేతకే. అప్పుడు ఆ అధినేతే సర్వసేనాధిపతి. 343వ సెక్షన్ బారకాసుల్లోంచి ఊళ్ళోకి నడిచొచ్చిందన్నమాట.

మన సంగతి చెబుతానన్నాను. మనం కూడా మరీ మీసం మెలెయ్యక్కరలేదు. 1982లో లెఫ్టినెంట్ కర్నల్ పృథీ పాల్ సింగ్ బేదీ కేసులో సుప్రీంకోర్టు, కోర్టు మార్షల్ మీద ఒక్క అప్పీలైనా లేకపోవడం పెద్ద లోపమని నొచ్చుకుంది. ఆ నొప్పికి మందు రావడానికి పాతికేళ్ళు పట్టింది. 2007లో సాయుధ బలగాల ట్రైబ్యునల్ చట్టం చేశారు, 2009లో ట్రైబ్యునల్ పని మొదలెట్టింది. ఆంధ్ర కేసులు చెన్నై బెంచికి వెళ్తాయి. అక్కడా రిటైరైన సైన్యాధికారి బెంచి మీద కూర్చుంటాడు కదా అంటారేమో. కూర్చుంటాడు, పక్కన జడ్జి ఉంటాడు, పైన ఇంకో కోర్టు ఉంటుంది. 2015లో ఒక తీర్పు వల్ల ట్రైబ్యునల్ మీద హైకోర్టుకు వెళ్ళే దారి మూసుకుపోయింది. 2023 మార్చిలో సుప్రీంకోర్టే ఆ దారి మళ్ళీ తెరిచింది.

సైన్యం నుంచి బయటికొచ్చి లా చదవాలనుకునేవాళ్ళకు ఇంకో కబురు. బార్ కౌన్సిల్ ఒకప్పుడు నలభై అయిదు దాటినవాళ్ళను లాయర్లుగా నమోదు చెయ్యమని నిబంధన పెట్టింది. సైన్యంలో సుబేదారుగానో మేజరుగానో చేసి వచ్చేవాడికి అప్పటికే ఆ వయసు వచ్చేస్తుంది, తలుపు వేసేసినట్టే. 1995లో సుప్రీంకోర్టు ఆ నిబంధన చెల్లదని కొట్టేసింది. కాబట్టి తిన్ ఊ వయసులో మొదలుపెట్టినా ఇక్కడ అడ్డేం లేదు. తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరంలోనో, శ్రీకాకుళం పల్లెల్లోనో పెన్షన్ కాగితాల సంచి పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే హవల్దారు గారెవరైనా మీకు తెలిస్తే, నోటి మాటతో పంపేసిన ఆఫీసును రాతపూర్వకంగా ఉత్తర్వు ఇమ్మని అడగమనండి, కారణాలతో సహా. ఆ కాగితం మీద తేదీ వేసిన రోజు నుంచి ట్రైబ్యునల్‌కు ఆరు నెలల గడువు నడుస్తుంది.